రష్యన్ రచయితల మీద వికీపీడియా వ్యాసం: విద్యార్థులు ఎక్కడ ఇరుక్కుంటారు?

యెలెనా ష్వార్త్స్ లెనిన్‌గ్రాడ్ కవయిత్రి. 1948లో పుట్టారు, 2010లో పోయారు. 1979లో ఆమెకు ఆంద్రేయ్ బేలీ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం కింద ఇచ్చేది ఒక రూబుల్, ఒక ఆపిల్, ఒక వోడ్కా సీసా. దాన్ని అంతకు ముందు ఏడాదే 'చసీ' అనే పత్రిక వాళ్లు మొదలుపెట్టారు. పత్రిక అంటే ప్రెస్సులో అచ్చయ్యేది కాదు, టైప్‌రైటర్ మీద కార్బన్ కాగితాలు పెట్టి కొట్టి, తెలిసినవాళ్ల మధ్య తిప్పుకునేది. సోవియట్ ప్రభుత్వం దృష్టిలో ఆ పత్రికా లేదు, ఆ పురస్కారమూ లేదు. ష్వార్త్స్ కవితా సంపుటి మొదట వచ్చింది 1985లో, అదీ న్యూయార్క్‌లో. సొంత దేశంలో ఆమె పుస్తకం అచ్చు కావడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది.

రష్యన్ కవిత్వం కోర్సు తీసుకున్న ఒక అమ్మాయికి ఈమె గురించి వికీపీడియాలో రాయమని అసైన్‌మెంట్ ఇచ్చారనుకుందాం. వికీపీడియా ఆ అమ్మాయిని మొదట అడిగేది 'ఈమె కవిత్వం బాగుంటుందా' అని కాదు. 'ఈమెతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, తగినంత వివరంగా ఈమె గురించి రాశారా' అని. తెలుగు వికీపీడియాలో దీన్ని విషయ ప్రాముఖ్యత అంటారు. గొప్పతనంతో దీనికి పనిలేదు. ఎంత గొప్ప కవి అయినా ఎవరూ రాయకపోతే ఆ పేజీ నిలవదు. ఓ మోస్తరు నవలాకారుడి మీద నాలుగు పత్రికల్లో సమీక్షలు వస్తే నిలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. వికీపీడియా ఇతరులు అచ్చేసిన మాట మీద నిలబడుతుంది. గత 60 ఏళ్ల రష్యన్ భాషా సాహిత్యంలో, కళలో పెద్ద భాగానికి ఆ అచ్చు దక్కనే లేదు. చాటుగా చేతులు మారిన కవిత్వం మీద సమీక్షలు కూడా చాటుగానే చేతులు మారాయి. దక్కిన అచ్చు పారిస్, న్యూయార్క్, టెల్ అవీవ్ అంటూ చెదిరిపోయింది. 2022 తర్వాత ఇంటర్నెట్‌లో ఉన్నదీ కరిగిపోతోంది. కాబట్టి ఈ అసైన్‌మెంట్‌లో రాత పని తక్కువ. మూలాల కోసం వెతుకులాటే ఎక్కువ. ఇది ముందే చెప్పకుండా విద్యార్థులను దించే టీచర్లు సెమిస్టర్ చివర్లో తలపట్టుకుంటారు.

అసైన్‌మెంట్ ఎలా నడుస్తుంది

విద్యార్థులతో వికీపీడియా రాయించడం 2010 నుంచి ఒక పద్ధతిగా సాగుతోంది. వికీమీడియా ఫౌండేషన్ అమెరికా యూనివర్సిటీల్లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. 2013లో ఏర్పడ్డ వికీ ఎడ్యుకేషన్ అనే విడి సంస్థ దాన్ని అందుకుని అమెరికా, కెనడాల్లో నడుపుతోంది. ముందు చిన్న చిన్న శిక్షణ పాఠాలు, తర్వాత వ్యాసం ఎంచుకోవడం, మూలాల జాబితా, ప్రయోగశాల పేజీలో (విద్యార్థి సొంతంగా రాసి చూసుకునే పేజీ) చిత్తుప్రతి, తోటి విద్యార్థుల సమీక్ష, ఆ తర్వాతే అసలు వికీపీడియాలోకి. ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్త ఖాతాకు 4 రోజుల వయసు, 10 దిద్దుబాట్లు ఉంటే గానీ నేరుగా కొత్త పేజీ సృష్టించనివ్వరు. మార్కులు మాత్రం పేజీ నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టి వేయకూడదని టీచర్లకు ముందే చెబుతారు. ఎందుకంటే పేజీ పెట్టిన గంటలోనే ముక్కూమొహం తెలియని వాడుకరి ఎవరో వచ్చి సగం కొట్టేయవచ్చు. అది అతని హక్కు.

ఇలా కొట్టేసే వాక్యాలు ఎక్కువగా ఎలా ఉంటాయో చెప్పడం తేలిక. 'ఈ నవల సోవియట్ అనంతర మనిషి ఏకాకితనాన్ని హృద్యంగా ఆవిష్కరిస్తుంది.' సాహిత్యం క్లాసులో ఈ వాక్యానికి పక్కన టిక్కు పడుతుంది. వికీపీడియాలో 'ఎవరన్నారు?' అనే ప్రశ్న పడుతుంది. కథా సారాంశానికి మూలం అక్కర్లేదు, పుస్తకమే మూలం. అయితే అది 400 నుంచి 700 పదాల్లో ముగియాలి. ఆ కథకు అర్థం చెప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి ప్రతి మాటకూ ఒక విమర్శకుడి పేరు కావాలి. నాలుగేళ్లు 'నీ సొంత అభిప్రాయం ఏమిటి' అని అడిగి అడిగి పెంచిన విద్యార్థికి ఇక్కడ సొంత అభిప్రాయమే నేరం. మౌలిక పరిశోధన నిషిద్ధం అనే నియమం సాహిత్య విద్యార్థికి తగిలినంత గట్టిగా కెమిస్ట్రీ విద్యార్థికి తగలదు.

అభిప్రాయాలు ఉండకూడదని కాదు. ఉండాలి, ఎవరివో తెలియాలి. రష్యన్ నవలాకారుడు వ్లదీమిర్ సొరోకిన్ ఉదాహరణ చూడండి. 2002లో పుతిన్ అనుకూల యువజన సంఘం ఒకటి మాస్కోలో బల్షోయ్ థియేటర్ ముందు పెద్ద టాయిలెట్ బొమ్మ పెట్టి అందులో ఆయన పుస్తకాలు పడేసింది. అశ్లీలం రాశాడని కేసు కూడా పెట్టారు, తర్వాత అది వీగిపోయింది. ఈ సంగతి రాసే విద్యార్థి చెయ్యి ఊరుకోదు. 'మూర్ఖులు ఒక మహా రచయితను అవమానించారు' అని రాయాలనిపిస్తుంది. వికీపీడియా ఒప్పుకునేది ఇంతే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు, కేసు ఏమైంది, సొరోకిన్ ఏమన్నారు, విమర్శకులు ఏమన్నారు. నిజానికి ఆ పొడి వాక్యాలే గట్టిగా తగులుతాయి. టాయిలెట్ బొమ్మ పక్కన విశేషణం చేర్చితే అది బలహీనపడుతుంది. కాకపోతే ఈ శిక్షణలో పోయేది కూడా ఉంది. నలుగురు విమర్శకుల మాటలు దారం కట్టినట్టు వరసగా పెట్టిన 'స్పందన' విభాగాలు చదవడం అంత సంతోషమైన పనేమీ కాదు.

మూలాలు ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ మాయమవుతాయి

సోవియట్ కాలంలో సాహిత్య చర్చ అంతా 'లావు పత్రికల' చుట్టూ తిరిగేది. 1925లో మొదలైన నోవీ మీర్, 1931లో మొదలైన జ్నామ్య లాంటివి. నెలకోసారి వచ్చే ఒక్కో సంచిక పుస్తకమంత ఉండేది. నవల ముందు అందులో వచ్చేది, తర్వాతే పుస్తకమయ్యేది. అదే పత్రికలో సమీక్షలు, వాటికి జవాబులు. నిషేధాలు సడలిన రోజుల్లో, 1990లో నోవీ మీర్ 27 లక్షల ప్రతుల దాకా వెళ్లింది. తర్వాత కొన్నేళ్లకే వేలల్లోకి పడిపోయింది. అదృష్టం ఏమిటంటే 1990ల నుంచి ఈ పత్రికల సంచికలను 'జుర్నాల్నీ జాల్' అనే సైట్‌లో ఉచితంగా పెడుతూ వచ్చారు. 1990ల మధ్య నుంచి 2010ల దాకా రాసిన ఏ రష్యన్ రచయిత మీద పనిచేయాలన్నా విద్యార్థి ముందు వెళ్లాల్సింది అక్కడికే. ఒక్క సాయంత్రంలో మూడు నాలుగు మంచి సమీక్షలు దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ఏమీ దొరకడం లేదని చేతులెత్తేసే విద్యార్థులకు తెలియనిది ఏమిటంటే, ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసానికి మూలం ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న నియమం లేదు.

దానికి ముందు కాలానిది వేరే కథ. 1960ల నుంచి 80ల దాకా చాటు సాహిత్యం గురించి అచ్చులో వచ్చిందంతా దాదాపు ప్రవాస పత్రికల్లోనే. కళల మీద 'అ-య' అనే పత్రిక 1979 నుంచి పారిస్‌లో వచ్చేది. మాస్కో అనధికార కళాకారుల ధోరణికి విమర్శకుడు బోరిస్ గ్రోయ్స్ 'మాస్కో రొమాంటిక్ కాన్సెప్చువలిజం' అని పేరు పెట్టిన వ్యాసం అందరికీ చేరింది దాని మొదటి సంచికతోనే. ఇలాంటివి చూడాలంటే లైబ్రరీకి పోవాలి. జర్మనీలోని బ్రెమెన్ యూనివర్సిటీలో సమిజ్దాత్ కాగితాల, అంటే చాటుగా టైపు కొట్టి తిప్పుకున్న రాతల పెద్ద భాండాగారం ఉంది. అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ జిమ్మర్లి మ్యూజియంలో నార్టన్, నాన్సీ డాడ్జ్ దంపతులు పోగుచేసిన సోవియట్ అనధికార కళ సుమారు 20,000 కృతుల దాకా ఉంది. ఆన్‌లైన్‌లో లేని మూలం కూడా మూలమే. పుస్తకం పేరు, ఏడాది, పేజీ నంబరు ఇస్తే చాలు. గూగుల్‌లో కనపడకపోతే లేనట్టే అనుకునే తరానికి ఈ ఒక్క సంగతి నేర్పినా ఆ సెమిస్టర్ ఫీజు గిట్టినట్టే.

మూడో కాలం 2000 తర్వాతది. లావు పత్రికలు చిక్కిపోయాక విమర్శ వెబ్‌సైట్లకు తరలింది. వెబ్‌సైట్ నడిపేవాళ్ల డబ్బులు అయిపోతే సమీక్షలూ పోయేవి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద పూర్తి స్థాయి యుద్ధం మొదలయ్యాక ఇది ఇంకో మలుపు తిరిగింది. స్వతంత్ర సైట్లు చాలా వాటిని రష్యాలో బ్లాక్ చేశారు, కొన్ని మూతపడ్డాయి, కొన్ని దేశం దాటాయి. బోరిస్ అకూనిన్ పేరుతో డిటెక్టివ్ నవలలు రాసే గ్రిగోరీ చ్ఖర్తిష్విలీని 2023 డిసెంబరులో 'ఉగ్రవాదులు, తీవ్రవాదుల' జాబితాలో చేర్చారు, మరుసటి నెల 'విదేశీ ఏజెంట్' అన్నారు. 2024 మార్చిలో నవలాకారిణి లుద్మీలా ఉలీత్స్కయ మీద కూడా 'విదేశీ ఏజెంట్' ముద్ర వేశారు. 2001లో రష్యన్ బుకర్ అందుకున్న మొదటి మహిళ ఆమె. ఇలా ముద్ర పడ్డాక పుస్తకాల షాపుల్లో ఆ రచయితల అట్టలు తగ్గిపోతాయి, ప్రచురణకర్తల సైట్లలో వాళ్ల పేజీలు పలచబడతాయి, పాత ఇంటర్వ్యూల లింకులు తెరుచుకోవు. నిన్న ఇచ్చిన మూలం ఇవాళ పనిచేయదు. అందుకే లింకు దొరగ్గానే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాని నకలు భద్రం చేసి, ఆ చిరునామా కూడా వ్యాసంలో పెట్టడం నేర్పాలి. ఇది సాంకేతిక చిట్కాలా కనిపిస్తుంది గానీ, ఈ విషయంలో సగం పని ఇదే.

ఇంతకీ ష్వార్త్స్ సంగతి? ఆమె పేజీకి ఢోకా లేదు. 1993లో ఇంగ్లిష్‌లో ఆమె ఎంపిక కవితల సంపుటి వచ్చింది, అమెరికన్ స్లావిక్ పండితులు ఆమె మీద వ్యాసాలు రాశారు. ఆ రూబుల్, ఆపిల్ పురస్కారానికి కూడా ఇప్పుడు బోలెడు ప్రస్తావనలున్నాయి. పురస్కారం విలువను డబ్బుతో కాక దాని గురించి ఎవరెవరు రాశారన్నదానితో కొలిచే నియమం ఇక్కడ బాగానే పనిచేసింది. ఇబ్బంది అదే 'చసీ' పత్రికలో ఆమె పక్కన కవితలు వచ్చి, తర్వాత అనువాదానికి నోచుకోని వాళ్లది. వాళ్ల మీద రాయాలని ఉత్సాహపడే విద్యార్థికి టీచర్ ముందే చెప్పాలి: పేజీ నిలవకపోవచ్చు, ఆ పత్రిక మీద ఉన్న వ్యాసంలో రెండు వాక్యాలు చేర్చితే నిలుస్తాయి.

కళే తన గురించి తాను రాసుకుంటే

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే చిక్కు ఇది. 1976 మార్చి 13న మాస్కో ఇజ్మైలోవోలో ఒక మంచు మైదానం అంచున కొంతమంది నిలబడ్డారు. వాళ్లను పిలిచింది ఆంద్రేయ్ మొనస్తీర్స్కీ, ఆయన మిత్రులు. కాసేపటికి అవతల అడవిలోంచి ఇద్దరు మనుషులు వచ్చారు. మైదానం దాటి, చూడవచ్చిన వాళ్లకు తలా ఒక కాగితం ఇచ్చారు. 'మీరు ఈ ప్రదర్శనకు హాజరయ్యారు' అని అందులో ధ్రువీకరణ. అంతే, అయిపోయింది. 'కలెక్టివ్ యాక్షన్స్' అనే బృందం అలా మొదలైంది. తర్వాత దశాబ్దాల పాటు వాళ్లు ఊరి బయటికి ఇలాంటి ప్రయాణాలు చేస్తూనే ఉన్నారు.

ఆ ప్రదర్శనల్లో జరిగేది చాలా తక్కువ. జరిగినదాని గురించి రాసేది చాలా ఎక్కువ. ప్రతి ప్రదర్శనకూ వర్ణన, ఫొటోలు, చూసినవాళ్ల అనుభవాలు, వాటి మీద సిద్ధాంత చర్చ. ఇవన్నీ కట్టగట్టి వాళ్లే సంపుటాలుగా తయారుచేశారు. ఆ సంపుటాలు కళకు అనుబంధాలు కావు, కళలో భాగమే. చూడవచ్చిన వాళ్లూ బయటివాళ్లు కారు. ఇల్యా కబకోవ్ లాంటి కళాకారులు, తోటి కవులు. అంటే సృష్టికర్త, ప్రేక్షకుడు, విమర్శకుడు, చరిత్రకారుడు అందరూ ఒకే వంటింట్లో కూర్చుని టీ తాగేవాళ్లు.

ఇప్పుడు వికీపీడియా నియమం తెచ్చి ఇక్కడ పెట్టండి. విషయంతో సంబంధం లేని మూలం కావాలి. ఈ బృందం గురించి వివరంగా రాసినవాళ్లలో మొదటి పేరు బోరిస్ గ్రోయ్స్. ఆయనా ఆ వలయంలోని మనిషే. 1978లో ఆంద్రేయ్ బేలీ పురస్కారం అందుకున్న మొదటి ముగ్గురిలో ఒకరు కూడా. ఆయన స్వతంత్ర మూలమా కాదా? కటువుగా నియమం చదివితే కాదనాలి. కాదంటే ఆ ఉద్యమానికి పేరు పెట్టిన వ్యాసాన్నే పక్కన పెట్టాల్సి వస్తుంది.

ఆచరణలో తోవ ఇలా దొరుకుతుంది. తేదీ, చోటు, ఎవరు పాల్గొన్నారు లాంటి పొడి సంగతులకు బృందం సొంత సంపుటాలు వాడుకోవచ్చు. ఆ ప్రదర్శనకు ఏం విలువ, కళా చరిత్రలో దాని చోటు ఎక్కడ అన్నప్పుడు మాత్రం బయటివాళ్లు కావాలి. బ్రిటిష్ కళా చరిత్రకారిణి క్లెయిర్ బిషప్ 2012లో ప్రేక్షకులు పాల్గొనే కళ మీద రాసిన పుస్తకంలో ఈ బృందం గురించి చర్చించారు. అలాంటివి రెండు మూడు దొరికితే పేజీ నిలబడుతుంది. గ్రోయ్స్ మాటను 'గ్రోయ్స్ ఇలా అన్నారు' అని పేరు పెట్టి ఇవ్వాలి, ఆయన ఆ వలయంలోని వాడేనన్న సంగతీ పాఠకుడికి తెలియనివ్వాలి. నియమం అతిక్రమించకుండా నిజం చెప్పే దారి అదే. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. బయటివాళ్లకు కనపడకుండా ఉండడమే పద్ధతిగా పెట్టుకున్న కళను, బయటివాళ్లు చూశారా లేదా అని కొలిచే కొలత ఎప్పటికీ పూర్తిగా సరిపోదు.

బొమ్మల విషయం దీనికి తోడు. కబకోవ్ 2023లో పోయారు. రచయిత మరణానంతరం 70 ఏళ్ల కాపీరైట్ లెక్కన ఆయన పని 2093 చివరిదాకా స్వేచ్ఛగా వాడుకోవడానికి కుదరదు. వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించిన ఇన్‌స్టలేషన్ (గదినే కళాకృతిగా మలిచినది) ఫొటో రోజుల్లో తొలగిపోతుంది, ఆ ఫొటో విద్యార్థే స్వయంగా తీసినా సరే. ఆ కృతి మీదే రాసిన ఇంగ్లిష్ వ్యాసంలో తక్కువ రిజల్యూషన్ బొమ్మ ఒకటి పెట్టుకోనిస్తారు. మిగతాది మాటల్లోనే చూపించాలి. గది ఎంత ఉంది, గోడల మీద ఏముంది, పైకప్పుకు కన్నం ఎక్కడుంది అని వర్ణించడం విద్యార్థులకు మంచి వ్యాయామమే.

ఎవరి రచయిత?

మొదటి వాక్యం దగ్గరే గొడవ మొదలవుతుంది. 'ఫలానావారు రష్యన్ రచయిత.' నిజంగానా? స్వెత్లానా అలెక్సియెవిచ్ 2015లో నోబెల్ అందుకున్నారు. రాసేది రష్యన్‌లో, బెలారుస్ రచయిత్రి, పుట్టింది యుక్రెయిన్‌లో. ఆంద్రేయ్ కుర్కోవ్ లెనిన్‌గ్రాడ్ ప్రాంతంలో పుట్టి కీవ్‌లో పెరిగిన నవలాకారుడు. నవలలు రష్యన్‌లో రాసి పేరు తెచ్చుకున్నారు, తనను తాను యుక్రెయిన్ రచయితననే చెప్పుకుంటారు. దీనా రూబినా తాష్కెంట్‌లో పుట్టి ఇజ్రాయెల్‌లో ఉంటారు. మిఖయీల్ షిష్కిన్ 1995 నుంచి స్విట్జర్లాండ్‌లో ఉన్నారు. గలీనా రింబు సైబీరియాలోని ఓమ్స్క్‌లో పుట్టి ల్వీవ్‌లో స్థిరపడిన కవయిత్రి. గుజెల్ యాహినా కజాన్‌కు చెందిన తాతార్. వీళ్లందరినీ కలిపేది భాష ఒక్కటే, దేశం కాదు. 'ఆధునిక రష్యన్ భాషా సాహిత్యం' అని కోర్సుకు పేరు పెట్టేది అందుకే.

మనకు ఇది కొత్తేమీ కాదు. తెలుగు పాఠకులు మాస్కో పుస్తకాల్లో చదివి మనసు పారేసుకున్న చింగీజ్ ఐత్మాతోవ్ రష్యన్ కాదు, కిర్గీజ్. మొదట కిర్గీజ్‌లో రాసి, తర్వాత ఎక్కువగా రష్యన్‌లో రాశారు. మనం ఆయన్ని హాయిగా 'రష్యన్ సాహిత్యం' అరలో పెట్టేశాం.

యుద్ధం తర్వాత ఈ అరల తగాదా మ్యూజియంలదాకా వెళ్లింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2023లో కుయింజీ, రేపిన్ అనే చిత్రకారుల పేర్ల పక్కన ఉన్న 'రష్యన్' అనే మాట తీసి 'యుక్రేనియన్' అని పెట్టింది. మ్యూజియం గోడ మీద చీటీ ఒకసారి మారితే ఊరుకుంటుంది. వికీపీడియాలో రోజుకు నాలుగుసార్లు మారుతుంది. 24 గంటల్లో ఒకే పేజీలో ఇతరుల మార్పులను మూడుసార్ల కన్నా ఎక్కువ తిరగ్గొడితే ఖాతాను నిరోధిస్తారు. అంతే కాదు, రష్యా యుక్రెయిన్ యుద్ధానికి సంబంధించిన విషయాల్లో 500 దిద్దుబాట్లు, 30 రోజుల వయసు లేని ఖాతాలను ఇంగ్లిష్ వికీపీడియా రాయనివ్వడం లేదు. విద్యార్థి ఖాతా సెమిస్టర్ అంతా కష్టపడినా 500 చేరదు. అంటే ఒక కవి జీవితంలో 2022కు ముందు భాగం రాయవచ్చు, యుద్ధంతో ముడిపడ్డ భాగం దగ్గర ఆగిపోయి చర్చా పేజీలో విన్నపం పెట్టుకోవాలి. టీచర్లు వ్యాసాలు పంచేటప్పుడే ఈ గీత ఎక్కడుందో చూసుకోవడం మంచిది. తగాదా లేని పేజీలు కావలసినన్ని ఉన్నాయి. మొదటి వాక్యం విషయంలో పనికొచ్చే సూత్రం మాత్రం ఒకటే: పుట్టిన ఊరిని బట్టి కాదు, పాస్‌పోర్టును బట్టి కాదు, మంచి మూలాలు ఎక్కువగా ఏమని పిలుస్తున్నాయో అలా. రచయిత తన గురించి తాను చెప్పుకున్నది దాని పక్కన.

బతికున్నవాళ్ల గురించి, బతకాల్సినవాళ్ల గురించి

బతికున్న మనుషుల జీవిత చరిత్రలకు వికీపీడియాలో అన్నిటికన్నా కఠినమైన నియమాలున్నాయి. మూలం లేని ఆరోపణ కనపడితే చర్చ లేకుండా తీసేస్తారు. ఇక్కడ దానికి ఇంకో అర్థం కూడా ఉంది. రష్యాలో ఉంటున్న ఒక యువ కవయిత్రి ఎప్పుడో ఎక్కడో అన్న మాటను ఎన్‌సైక్లోపీడియాలోకి ఎక్కిస్తే ఆమెకు లేని టెన్షన్ తెచ్చిపెట్టినట్టు కావచ్చు. 2022 డిసెంబరు నుంచి అక్కడ స్వలింగ సంబంధాల గురించి సానుభూతిగా రాయడం మీద అన్ని వయసులకూ నిషేధం ఉంది. ఒక రచయిత్రి వ్యక్తిగత జీవితం గురించి రాసే ముందు, ఆమె స్వయంగా బహిరంగంగా చెప్పారా అని రెండుసార్లు చూసుకోవాలి.

రాసేవాళ్ల భద్రతా ఉంది. 2022 మార్చిలో బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో ఒక ప్రముఖ వికీపీడియా సంపాదకుడిని అరెస్టు చేశారు. రష్యాలో వికీమీడియా సంస్థకు జరిమానా మీద జరిమానా పడింది. అక్కడి స్వచ్ఛంద సంఘం వికీమీడియా ఆర్‌యూ తన డైరెక్టర్ మాస్కో యూనివర్సిటీ ఉద్యోగం వదలాల్సి రావడంతో 2023 చివర్లో మూతపడింది. దానికి అంతకు ముందు డైరెక్టర్‌గా ఉన్నాయనే రువికీ అనే ప్రత్యామ్నాయాన్ని తెచ్చారు. అది 2024 జనవరి నుంచి పూర్తిగా నడుస్తోంది, రష్యన్ చట్టాలకు లోబడి. ఒక క్లాసులో ఇరవై మంది ఉంటే అందులో ఒకరిద్దరి అమ్మానాన్నలు ఇంకా ఆ దేశాల్లోనే ఉండవచ్చు. సొంత పేరుతో ఖాతా తెరవమని వాళ్లను బలవంతపెట్టకూడదు. అసలు ఈ అసైన్‌మెంట్ వద్దంటే మామూలు వ్యాసం రాసే అవకాశం ఇవ్వాలి.

మన దగ్గర

ఇండియాలో ఈ ప్రయోగం మొదటి అడుగు తడబడింది. 2011లో పుణె కాలేజీల్లో వికీపీడియా విద్యా కార్యక్రమం పెడితే, విద్యార్థులు వందల్లో చేరి పుస్తకాలు, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తి అతికించారు. శుభ్రం చేయలేక ఇంగ్లిష్ వికీపీడియన్లు తలపట్టుకున్నారు, కార్యక్రమం ఆపేశారు. రష్యన్ విషయంలో ఈ ప్రమాదం కొంచెం వేషం మార్చుకుని వస్తుంది. రష్యన్ సమీక్షను తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో అనువదించి పెడితే అది కాపీ కాదని చాలామంది అనుకుంటారు. అదీ కాపీయే. అనువాద హక్కు కూడా రచయితదే. రష్యన్ వికీపీడియా వ్యాసాన్ని అనువదించవచ్చు, దాని లైసెన్సు ఒప్పుకుంటుంది. ఫలానా వ్యాసం నుంచి తెచ్చానని దిద్దుబాటు సారాంశంలో చెప్పాలి, అక్కడి మూలాలను తెరిచి చూసుకోవాలి. ఏఐ చేత రాయిస్తే ఇంకో తంటా. లేని పత్రికకు లేని సంచిక నంబరు ఇచ్చి నమ్మబలుకుతుంది. 2025 ఆగస్టులో ఇంగ్లిష్ వికీపీడియా, మనిషి సరిచూడకుండా ఏఐతో దింపిన పేజీలను చర్చ లేకుండానే తొలగించే నియమం తెచ్చింది.

తెలుగులో ఈ పని చేయగలవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ విభాగం ఉంది. అక్కడ చదివే విద్యార్థికి మూలాలు నేరుగా చదవడం వచ్చు. తెలుగు వికీపీడియాకు అలాంటివాళ్లు అరుదు. పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి రాయకుండా రష్యన్ ఉచ్చారణను బట్టి రాసి, అలవాటైన రూపానికి దారిమార్పు పేజీ పెట్టడం కూడా వాళ్లకే సాధ్యం. ఒకప్పుడు ఈ వంతెన మీద పనిచేసినవాళ్లు చిన్నవాళ్లు కారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో కూర్చుని ప్రగతి ప్రచురణాలయానికి తెలుగు చేశారు. విశాలాంధ్ర షాపుల్లో ఆ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ సరఫరా ఆగిపోయింది. అందుకే మన అరల్లో తొల్‌స్తోయ్, గోర్కీ, ఐత్మాతోవ్ ఉంటారు, ఉలీత్స్కయ, సొరోకిన్ ఉండరు.

కొత్తవాళ్ల మీద తెలుగు వ్యాసాలు రావాలి, సరే. తెలుగు విద్యార్థి మాత్రమే చేయగల పని ఇంకొకటి ఉంది. ఐత్మాతోవ్ కథల్ని, గోర్కీ నవలని తెలుగు పాఠకులు ఎలా తీసుకున్నారు, ఏ పత్రికలో ఎవరు సమీక్షించారు, ఎవరు విభేదించారు అన్నది మాస్కోలోనూ న్యూయార్క్‌లోనూ దొరకదు. దానికీ అవే నియమాలు. అనువాదకుడు తన పుస్తకానికి తాను రాసుకున్న ముందుమాట స్వతంత్ర మూలం కాదు. ప్రచురణకర్త అట్ట వెనక వేసుకున్న పొగడ్త అసలే కాదు. భారతిలోనో మరో పత్రికలోనో బయటి మనిషి రాసిన సమీక్ష అయితే మూలమే. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత సంచికల్లో కొన్ని, ఊళ్లలో గ్రంథాలయాల బైండ్ సంపుటాల్లో కొన్ని ఉంటాయి. సంచిక నెల, ఏడాది, పేజీ నంబరు రాసుకుని రావాలి.